డెబ్భై రెండు చరణాలు

సోమవారం పొద్దున ఆయాను పనిలోంచి తీసేశారు.

తీసేసిన తీరైనా గౌరవంగా ఉందా అంటే అదీ లేదు. ప్రసూతి ఆస్పత్రి వసారాలో, చేతిలో బకెట్టూ తుడుపుకర్రా ఉండగానే, పెద్ద సిస్టరు అందరి ముందూ నిలబెట్టి కడిగేసింది. నెల రోజుల్లో ముగ్గురు బాలింతలకు కుట్లు చీముపట్టాయి. అంటే ఎక్కడో శుభ్రం తక్కువైంది. శుభ్రం ఎవరి పని? ఆయా పని. అయిపోయింది, తీర్పు వచ్చేసింది.

"పదకొండేళ్ళుగా ఇదే నేల, ఇదే ఫినాయిలు. అప్పుడు పట్టని చీము ఇప్పుడెలా పట్టిందండీ?" అంది ఆయా.

"నాతో వాదించకు. మాపు మార్చమని ఎన్నిసార్లు చెప్పాను?"

"మార్చమన్నారు. కొత్తది ఇచ్చారా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే ఆమె కొంప ముంచింది. పెద్ద సిస్టరు ముఖం ఎర్రబడింది. ఆయా చుట్టూ చూసి, స్టెరిలైజింగ్ గది గుమ్మంలో నిలబడ్డ, అక్కడే పనిచేసే అత్తాకోడళ్ళ వైపు తిరిగింది.

"పెద్దమ్మా, మీరైనా చెప్పండి. నా పని మీకు తెలీదా?"

అత్తగారి మాటకు ఆ ఆస్పత్రిలో విలువుంది. ముప్ఫై ఏళ్ళుగా కత్తులూ కత్తెరలూ గుడ్డలూ ఆవిరిలో ఉడికించి క్రిములు చంపే ఆటోక్లేవ్ ఆమె చేతిలోనే ఉంది. వాటిని సర్ది ఆవిరికి పెట్టే ఆమె డ్రమ్ములోంచి వచ్చిన గుడ్డ పెడితే పుండు మానిపోతుందని డాక్టరమ్మే అంటూంటుంది. అలాంటి మనిషి ఒక్క మాట అడ్డం వేస్తే ఆయా బతికిపోయేదే. అత్తగారు గొంతు సవరించుకుంది.

"మూలలు వదిలేస్తూంటావని నేనూ చూశాలే."

ఆయా ఏడవలేదు. బకెట్టు నీళ్ళు తొణక్కుండా కింద పెట్టింది. తుడుపుకర్ర గోడకు ఆనించింది.

"కడుపు కోసేది నేను తుడిచిన నేలతో కాదు కదమ్మా, మీ డ్రమ్ములో కత్తితో," అని, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

"నోరు చూడు నోరు!" అంది అత్తగారు లోపలికి వస్తూ. కోడలు గుడ్డ ముక్కలు మడత పెడుతూ ఊఁ కొట్టింది గానీ, ఆయా అన్న ఆ ఒక్క మాట చెప్పులో రాయిలా కలుక్కుమంటూనే ఉంది. ఎందుకంటే శనివారం ఆ బల్ల మీదికి ఎక్కబోయేది ఇంటి పిల్లే. ఆడపడుచు చిట్టికి నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉంది, ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది.

మంగళవారం పొద్దున కోడలు మొదటిసారి అత్తగారి పనిని కన్నార్పకుండా చూసింది. రెండేళ్ళుగా పక్కనే ఉంటున్నా ఎప్పుడూ అలా చూడలేదు. అత్తగారి రాజ్యంలో కోడలికి మడతల పనే గానీ మర ముట్టుకునే హక్కు లేదు మరి.

అత్తగారు అడుగున నీళ్ళు గీత దాకా పోసింది. డ్రమ్ముల పక్క కంతలు తెరిచి, ఒకదాని మీద ఒకటి దింపింది. మూత పెట్టి, ఎదురెదురుగా రెండేసి మరలు బిగించింది. స్విచ్చి వేసింది. ఇరవై నిమిషాలకు మూత మీది కుళాయిలోంచి గాలి చీదుకుంటూ వచ్చి, తర్వాత ఆవిరి తెల్లగా, ఆగకుండా తన్నుకొచ్చింది. కుళాయి కట్టేసింది. ప్రెషరు ముల్లు మెల్లగా లేచి ఎర్ర గీతను తాకింది. అప్పుడు అత్తగారు చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

"నిన్నటిని దాటించినవాడా, నేటిని దాటించు..."

ఆమెకు గడియారం చూడడం రాదు. ఎవరూ నేర్పలేదు, ఆమె అడగనూ లేదు. చేరిన కొత్తలో అప్పటి పెద్ద డాక్టరు ఈమె ప్రార్థన విని, వాచీ పట్టుకుని లెక్కేశాడట. డెబ్భై రెండు చరణాలకూ సరిగ్గా అరగంట పట్టిందట. "ముల్లు గీత మీదికి రాగానే మొదలుపెట్టు, అయిపోగానే ఆపు. నీ దేవుడే నీ గడియారం," అన్నాడట. ఆ మాట ఆమె వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది, వెయ్యిన్నొకటోసారి చెప్పినా అదే మురిపెం. కోడలికి దేవుడి మీద పెద్ద గురి లేదు. అయినా ఏం, అరగంట అరగంటే కదా అనుకునేది.

ముల్లు గీతను తాకినప్పుడు కోడలి చేతి వాచీలో తొమ్మిదీ పది. అత్తగారు చివరి చరణం చెప్పి, స్విచ్చి ఆపి, ముఖం తుడుచుకునేసరికి తొమ్మిదీ ఇరవై ఎనిమిది.

పద్దెనిమిది నిమిషాలు.

వాచీ ఆగిందేమోనని చెవి దగ్గర పెట్టుకుంది. టిక్‌టిక్‌మంటోంది. వసారాలోకి వెళ్ళి గోడ గడియారం చూసింది. రెండూ ఒక్కటే చెబుతున్నాయి. 

రెండో విడతకు చెవులు రిక్కించి కూర్చుంది. నమ్మకం లేకపోయినా ఇంట్లో పొద్దున్నే వినీ వినీ ఆ చరణాలన్నీ ఆమెకు కంఠతా వచ్చేశాయి. ఇరవై ఒకటో చరణం "వాకిట నిలిచినవారిని కాపాడు, వారు అడగని మాట నువ్వు విను" అని సాగుతుంది. నలభై తొమ్మిదోది కూడా "వాకిట నిలిచినవారిని కాపాడు" అనే మొదలై, "వారి వెనుక తలుపు నువ్వు మూయి" అని ముగుస్తుంది. అత్తగారు ఇరవై ఒకటో చరణానికి వచ్చింది. "వాకిట నిలిచినవారిని కాపాడు," అంది. ఒక్క క్షణం ఆగింది. "వారి వెనుక తలుపు నువ్వు మూయి," అని, అక్కణ్ణించి చకచకా సాగిపోయింది.

ఇరవై ఎనిమిది చరణాలు అవతల పడ్డాయి. ఆ గొంతులో తడబాటైనా లేదు. రోజూ నడిచే దారిలో మనిషి అడ్డదారి తొక్కి, ఆ సంగతే ఎరగనట్టు ఇంటికి చేరిపోయింది.

"అత్తయ్యా," అంది కోడలు, స్విచ్చి ఆపాక.  "ప్రార్థనలో మధ్యన... ఏమైనా మర్చిపోతున్నారేమో?"

"ఏవిఁటీ?"

"కొన్ని చరణాలు..."

"భేష్! దేవుడికి ఏనాడూ చేతులు జోడించని దానివి, నాకు ప్రార్థన నేర్పుతావా? తాతకు దగ్గులు నేర్పినట్టుంది. ఇదిగో చూడు, టేపు!"

డ్రమ్ము మీద అంటించిన టేపు మీద నల్లగీతలు నిగనిగలాడుతున్నాయి. ఆవిరి తగిలితే ఆ గీతలు నల్లబడతాయి. ఇన్నాళ్ళూ అందరూ చూస్తున్నది ఆ గీతలనే. అవి నల్లబడితే పని అయినట్టు. 

మొదటి విడత డ్రమ్ము అప్పటికే థియేటర్‌కు వెళ్ళిపోయింది. దాంతో ఆపరేషన్ అయిన పిల్లను మధ్యాహ్నం ఏడో మంచం మీదికి మార్చారు. తొలిచూలు. అటుగా వెళుతూంటే ఆ పిల్ల పాపను చూపించి నవ్వింది. కోడలు ఆ ముఖంలోకి చూడలేక, ఏదో పనున్నట్టు తల దించుకుని వెళ్ళిపోయింది. రెండో విడత డ్రమ్మును మాత్రం థియేటర్‌కు పోనివ్వకుండా మూలకు జరిపేసింది.

అక్కణ్ణించి ల్యాబ్‌కు వెళ్ళింది. ల్యాబ్ ఆయన నెమ్మదస్తుడు. అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"టేపు చెప్పేది ఆవిరి తగిలిందని, అంతే. చాలాసేపు తగిలిందా, లోపలి మడత దాకా పోయిందా, అది దానికి తెలీదు." సొరుగులోంచి వేలెడు సీసా తీశాడు, అడుగున ఊదారంగు మందు. "ఇందులో మొండి క్రిములుంటాయి, మనిషికి హాని లేనివే. ఇవి చస్తే మిగతావన్నీ చచ్చినట్టే. డ్రమ్ము నడిమధ్యన గుడ్డల్లో పెట్టండి. తర్వాత నాకిస్తే రెండు రోజులు వెచ్చగా ఉంచుతాను. ఊదాగానే ఉంటే చచ్చాయి. పసుపు తిరిగితే బతికున్నాయి."

"మూడో విడతలో పెడతాను. ఎవరికీ చెప్పకండి."

"చెప్పను. కానీ అమ్మా, పసుపు తిరిగితే మాత్రం చెప్పక తప్పదు."

బుధవారమంతా కోడలు అబద్ధాలతోనే గడిపింది. అత్తగారు ప్రార్థన ముగించే వేళకు "అత్తయ్యా, చిట్టి ఫోన్ చేసిందట, ఆఫీసు గదికి రమ్మంటున్నారు" అని ఒకసారి, "సిస్టరు పిలుస్తోంది" అని ఒకసారి బయటికి పంపించింది. "స్విచ్చి నేను ఆపుతాలెండి" అని, ముల్లును గీత మీదే నిలిపి ఇంకో పన్నెండు నిమిషాలు గడియారంలో చూసుకుంది. మూలకు జరిపిన డ్రమ్మునూ, మూడో విడత డ్రమ్మునూ మళ్ళీ ఎక్కించింది. ఒక విడతలో రెండో సీసా కూడా పెట్టింది. అత్తగారు తిరిగొచ్చి, "ఫోనూ లేదు గీనూ లేదు, నీకేమైనా చెవుడొచ్చిందా?" అని కసిరింది. కసిరించుకుంది, ఏం చేస్తుంది?

చెబితే ముప్ఫై ఏళ్ళ మనిషి ఒక్క పూటలో నవ్వులపాలై పోతుంది. ఆయాకు పట్టిన గతే పడుతుంది. ఆ పైన ఇంట్లో అత్తగారి కళ్ళలోకి చూసి బతకాలి. చెప్పకపోతే ఏడో మంచం. శనివారం చిట్టి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాత్రి అన్నం ముందు కూర్చుంది. చిట్టి పక్కన కూర్చుని, "వదినా, నాకు భయమేం లేదు. అమ్మ డ్రమ్ము, అమ్మ ప్రార్థన. నాకేమవుతుంది?" అంది. కోడలు మంచినీళ్ళ వంకతో లేచి పెరట్లోకి వెళ్ళి నిలబడింది. 

గురువారం పొద్దున ఆమెను స్టోరుకు పంపారు, గుడ్డల బేళ్ళు దించుకోవడానికి. రెండు గంటలు పట్టింది. తిరిగొస్తూంటే ల్యాబ్ ఆయన మెట్ల దగ్గరే ఎదురయ్యాడు. అరచెయ్యి తెరిచాడు. రెండు సీసాలు. బుధవారానిది ఊదాగానే ఉంది. మంగళవారానిది పసుపు, పచ్చి పసుపు.

"దీనికి ఇంకా ఒక రోజుంది," అన్నాడు ఊదా సీసా చూపించి. "దానికి మాత్రం చూడాల్సిందేం లేదు."

 అప్పుడే వసారాలో చక్రాల మంచం చప్పుడయింది. మంచం మీద చిట్టి. పక్కన అల్లుడు, ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఉమ్మనీరు పోయిందట. శనివారం దాకా ఆగేట్టు లేదట. అత్తగారు మంచం పట్టుకుని నడుస్తూ, "ఏం కాదు తల్లీ, ఇప్పుడే దింపాను డ్రమ్ము. వేడివేడిగా ఉంది," అంటోంది.

ఇప్పుడే దింపిన డ్రమ్ము. కోడలు లేనప్పుడు ఎక్కించి దింపిన డ్రమ్ము. నిన్నటివి పొద్దున రెండు ఆపరేషన్లకే అయిపోయాయి.

పసుపు సీసా గుప్పిట పట్టుకుని థియేటర్ గుమ్మం దాకా ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలీదు. లోపల డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. పెద్ద సిస్టరు డ్రమ్ము మూత మీద చెయ్యి వేసింది.

"తెరవద్దు! అది తెరవద్దండీ!"

అందరూ తిరిగి చూశారు. అత్తగారు కూడా.

"ఏమిటా కేకలు? తెరవద్దనడానికి నువ్వెవరు?" అంది పెద్ద సిస్టరు.

కోడలు గుప్పిట విప్పింది. పసుపు సీసా చెమటకు జారిపోబోయింది. ఒక్కొక్క మాటే బయటికి లాగి చెప్పింది. పద్దెనిమిది నిమిషాలు. మంగళవారం డ్రమ్ము. ఏడో మంచం. చివరికి అత్తగారి వైపు చూడకుండా, నేలకేసి చూస్తూ, "ఇరవై ఒకటో చరణం నుంచి నలభై తొమ్మిదో చరణానికి వెళ్ళిపోతున్నారు అత్తయ్యా. మధ్యలో ఇరవై ఎనిమిది పోతున్నాయి. నేను మంగళవారమే విన్నాను. భయపడి చెప్పలేదు," అంది.

కుళాయిలో నీళ్ళు పారుతూనే ఉన్నాయి. డాక్టరమ్మ మోచేత్తో కట్టేసింది. కోడలు పిడుగు కోసం ఎదురుచూసింది. అత్తగారి నోరు ఊరందరికీ తెలిసిందే. అదిప్పుడు తెరుచుకుంటే ఇక తనకు ఆ ఇంట్లో చోటు లేదు.

అత్తగారు సీసాను దగ్గరగా పట్టుకుని చూసింది. పెదవులు కదిలాయి. చరణాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. ఒకచోట ఆగింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఈమధ్య త్వరగా అయిపోతోంది," అంది, ఎవరితోనూ కాదన్నట్టు. "మోకాళ్ళ నొప్పులు కదా, నిలబడలేకపోతున్నానని ఆయనే దయ తలిచి తేలిక చేస్తున్నాడనుకున్నాను. దయ అనుకున్నానే అమ్మాయ్."

ఆ మాటకు పెద్ద సిస్టరు కూడా తల తిప్పుకుంది.

డాక్టరమ్మ చిట్టి పొట్ట మీద చెయ్యి వేసి, బిడ్డ గుండె విని చూసింది. "గంట ఆగగలం. అంతకు మించి ఒక్క నిమిషం కాదు. కత్తులైతే గిన్నెలో పెట్టి తొందరగా కానిచ్చేదాన్ని. గుడ్డల డ్రమ్ముకు అరగంట తప్పదు. వెళ్ళండి."

ఇద్దరూ డ్రమ్మును చెరో పక్కా పట్టుకుని తీసుకెళ్ళారు. మర ఇంకా చల్లారలేదు. కోడలు చెంబు అందుకుని నీళ్ళు పోసింది. మరలు కోడలే బిగించింది.  గోడ అవతల చిట్టి మూలుగు వినిపిస్తోంది. ముల్లు ఇంకా సగంలోనే ఉంది. పాడు ముల్లు, కావాలని నిద్రపోతున్నట్టుంది. కోడలు వాచీకేసి, ముల్లుకేసి, మళ్ళీ వాచీకేసి చూసింది. ఇదొక్కటీ గట్టెక్కితే చాలు, ఇంకేమీ అడగను అనుకుంది. ఎవరిని అడుగుతోందో మాత్రం తనకే తెలీలేదు.

ముల్లు గీతను తాకింది.

"నువ్వు గడియారం చూడు," అంది అత్తగారు. "నేను నా పని చేస్తాను."

"నిన్నటిని దాటించినవాడా..." ఒక్కొక్క చరణం సాగింది. ఇరవై. ఇరవై ఒకటి. "వాకిట నిలిచినవారిని కాపాడు..." అత్తగారు ఆగింది. కళ్ళు తెరిచింది. ఆ కళ్ళలో ఇంత బెదురు కోడలు ఎన్నడూ చూడలేదు. నోరు తెరుస్తోంది, మూస్తోంది. 

"వారు అడగని మాట నువ్వు విను," అంది కోడలు.

"వారు అడగని మాట నువ్వు విను," అంది అత్తగారు. "తర్వాత?"

"నీళ్ళు మోసే భుజాన్ని కాపాడు."

"ఆఁ. నీళ్ళు మోసే భుజాన్ని కాపాడు, దాహాన్ని దాని కంటే ముందు చేర్చకు. నిప్పు దగ్గర నిలిచేవారిని కాపాడు..." దారి దొరికింది. కోడలు అందిస్తూ, అత్తగారు అందుకుంటూ, ఒక్కోచోట ఇద్దరి గొంతులూ కలిసిపోతూ నడిచారు. ముప్ఫై నాలుగో చరణం దగ్గర అత్తగారు తనంతట తానే మొదలుపెట్టింది. "ఇల్లూడ్చే చేతిని కాపాడు..."

 రెండో సగం రాలేదు. అది మరుపు కాదని కోడలికి అర్థమైంది. ఎర్రబడ్డ ఆ కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. కోడలే మెల్లగా పూర్తి చేసింది.

"దాని మీద మరొకరి మురికి వెయ్యకు."

"మూలలు వదిలేస్తుందన్నాను," అంది అత్తగారు. "నేను చూడనే లేదే. చూడకుండానే అన్నాను."

"చరణం, అత్తయ్యా. ఆగకండి. బిడ్డ ఆగదు."

డెబ్భై రెండో చరణం ముగిసేసరికి వాచీలో ముప్ఫై మూడు నిమిషాలు. ఏడుపుకు మూడు నిమిషాలు ఎక్కువైంది, అంతే.

ఆడపిల్ల పుట్టింది. పుట్టీ పుట్టగానే థియేటర్ దద్దరిల్లేలా ఏడ్చింది. "మా అత్తగారి నోరే వచ్చింది," అన్నాడు అల్లుడు, ప్రాణం లేచొచ్చి. కానీ కోడలికి భయం వదల్లేదు. కుట్లు చీముపడతాయో లేదో తేలాలంటే మూడు రోజులు ఆగాలి. మరోపక్క శుక్రవారానికి ఏడో మంచం పిల్లకు జ్వరం వచ్చింది, కుట్ల దగ్గర ఎర్రబడింది. డాక్టరమ్మ ముందే మందులు మొదలుపెట్టింది గనుక ప్రాణభయం లేదంది. అయినా ఆ పిల్ల పది రోజులు బాధపడింది. ఆ పిల్ల పాపను తన ఒళ్ళో వేసుకుని అత్తగారు రోజూ ఆ మంచం పక్కనే కూర్చుంది. ఈ జ్వరం తన డ్రమ్ము వల్లేనని ఆ పిల్లకు చెప్పింది కూడా. ఆ పిల్ల రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

శుక్రవారం సాయంత్రం అత్తాకోడళ్ళు ఆయా ఇంటికి వెళ్ళారు. ఆయా గుమ్మంలో బట్టలు పిండుతోంది. లేవలేదు.

"తప్పు నాదమ్మా," అంది అత్తగారు నిలబడే. "చీము నా డ్రమ్ములోంచి వచ్చింది. నీ మీద అబద్ధం చెప్పాను. మన్నించు."

ఆయా చేతిలోని చీర మెలిపెట్టి, చివరి చుక్క దాకా పిండింది. "పెద్దవారు గుమ్మంలోకి వచ్చి అడిగితే మన్నించననడానికి నేనెవర్నమ్మా? కానీ పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు. నా పేరు పోయింది ఇక్కడ కాదు, వసారాలో."

ఆదివారం డాక్టరమ్మ చిట్టి కట్టు విప్పింది. కోడలు మంచం కోడు పట్టుకుంది. పట్టీ ఒక్కో పొరా లేచింది. చివరి గుడ్డ తెల్లగా, పొడిగా వచ్చింది. డాక్టరమ్మ వంగి చూసి, వాసన చూసి, "బాగుంది," అంది. ఆ ఒక్క మాటకు కోడలు అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది. చిట్టి కంగారుపడి, "కుట్లు నావి, ఏడుపు నీదా వదినా?" అంది.

సోమవారం పొద్దున అదే వసారాలో, అదే జనం ముందు, అత్తగారు నిలబడి చెప్పవలసిందంతా చెప్పింది. గొంతు తగ్గించలేదు. పెద్ద సిస్టరు కొత్త తుడుపుకర్ర తెప్పించి ఆయా చేతికిచ్చింది. ఇక మీదట స్విచ్చి కోడలే ఆపాలని, వారానికో సీసా పెట్టాలని డాక్టరమ్మ ఉత్తర్వు వేసింది. గోడ గడియారం వసారాలోంచి స్టెరిలైజింగ్ గదిలోకి మారింది.

"దాన్ని చూడడం నాకూ నేర్పవే," అంది అత్తగారు. "పెద్ద ముల్లు ఎక్కడుంటే ఎంతో చెప్పు."

"మీ దేవుడు ఏమనుకుంటాడో!"

"ఏమనుకుంటాడు? ఇన్నేళ్ళు నా బదులు నిమిషాలు లెక్కపెట్టాడు. ఆయనకూ కాస్త విశ్రాంతి."

ముల్లు గీతను తాకింది. అత్తగారు చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. గుమ్మం దగ్గర ఆయా కొత్త కర్రతో నేల తుడుస్తోంది, మూలల్లోకి మరీ మరీ వెళుతోంది, చూసేవాళ్ళు చూడనీ అన్నట్టు. ఇరవై ఒకటో చరణం వచ్చింది.

"వాకిట నిలిచినవారిని కాపాడు..."

అత్తగారు ఆగింది. కోడలు నోరు తెరిచేలోపే గుమ్మంలోంచి, తల ఎత్తకుండా, కర్ర ఆపకుండా, ఆయా అందించింది.

"వారు అడగని మాట నువ్వు విను. పదకొండేళ్ళుగా ఈ గుమ్మం తుడుస్తున్నానమ్మా, నాకు రాదా?"

అత్తగారు ఆమెవైపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని అందుకుంది. ఇంకా ఇరవై ఒక్క నిమిషాలుంది.